ఆవిరి తాతగారి నూనె డబ్బా

ఆ మేడలో అందరూ ఆవిరి తాత అని పిలుచుకునే పెద్దమనిషికి నూనె అంటే పడదు. కొంచెం సవరించి చెప్పాలి. తినే నూనె అంటే పడదు. తలుపు బందులకీ, కుట్టు మిషన్లకీ, సైకిలు గొలుసులకీ వేసే నూనె అంటే మాత్రం ప్రాణం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఒక నూలు మిల్లులో యంత్రాలకి నూనె వేసే పనిలోనే ఉన్నారు. పొడుగాటి ముక్కున్న డబ్బా పట్టుకుని వరసల మధ్య తిరగడం, ఏ యంత్రం మూలుగుతోందో, ఏది విసుక్కుంటోందో చెవితో కనిపెట్టడం, దాని నోట్లో నాలుగు చుక్కలు వేసి ముందుకు సాగిపోవడం ఆయన పని. డబ్బా అడుగున బొటనవేలితో నొక్కితే టిక్కుమంటుంది, ఒక చుక్క పడుతుంది. మిల్లు మానేశాక కూడా ఆ టిక్కు ఆయన్ని వదల్లేదు. మేడలో ఏ తలుపైనా కిర్రుమనడం మొదలుపెడితే, అది ముగిసేలోపు ఆయన డబ్బాతో ప్రత్యక్షం.

అలాంటి మనిషి తన వంటింట్లోకి మాత్రం నూనె సీసాని అడుగుపెట్టనివ్వరు. కూరలన్నీ నీళ్ళ ఆవిరితోనే మగ్గిస్తారు, ఆ పేరు వచ్చింది అందుకే. ఇదేం విడ్డూరం అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"యంత్రం లోపల పొడి. దానికి నూనె కావాలి. మనిషి లోపల అంతా తడే. మళ్ళీ నూనె ఎందుకు?"

ఈ సిద్ధాంతం విని కోడలు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయేది. ఆమె నీళ్ళని పరీక్షించే ప్రయోగశాలలో పని చేస్తుంది. రసాయనశాస్త్రం చదివింది. మనిషి లోపల తడీ, కొవ్వూ ఒకదాన్నొకటి ఎలా భరిస్తాయో బొమ్మ గీసి చూపించగలదు. చూపించింది కూడా. మామయ్య ఆ బొమ్మని శ్రద్ధగా చూసి, బాగా గీశావమ్మాయ్ అని మెచ్చుకుని, వెనక్కి తిప్పి, ఖాళీ వైపు కాగితం పరీక్షకి పనికొస్తుందని చింపి దాచుకున్నారు.

కాగితం పరీక్ష అంటే ఏమిటో చెప్పాలి. ఎవరి కంచంలో కూర మీద అనుమానం వచ్చినా ఆయన దాని మీద చిన్న కాగితం ముక్క అద్ది, ఆరనిచ్చి, కిటికీకి ఎదురుగా పట్టుకుంటారు. నీటి మరక ఆరితే పోతుంది. నూనె మరక పోదు, వెలుగుని అవతలి నుంచి చూపిస్తుంది. శాస్త్రం ప్రకారం ఇందులో వేలెత్తి చూపడానికేమీ లేదు. కోడలికి ఒళ్ళు మండేది కూడా అందుకే.

కొడుకు లిఫ్టులు బిగించే పనిలో ఊరంతా తిరుగుతాడు. ఒక సాయంత్రం అతను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే తండ్రి ఎదురొచ్చారు.

"ఏరా, బయట ఏం తిన్నావ్?"

"ఏం తినలేదు నాన్నా. టీ తాగానంతే."

తండ్రి కాగితం తీసి కొడుకు మూతికి అద్ది, దీపం దగ్గర పట్టుకుని చూశారు. "నువ్వు తిరిగే వైపు టీ బంగాళాదుంపతో కాస్తారా?" అని అడిగారు. ముప్పై దాటిన మనిషి, లిఫ్టు గుంతల్లో తాడు పట్టుకుని వేలాడేవాడు, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఈ పట్టుదల ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. అంతకుముందు వంకాయ వేపుడు చేసిన రోజున ఆయన రెండోసారి వడ్డించుకుని, మూడోసారి బాణలే ముందు పెట్టుకునే రకం. మనవరాలు, అంటే చిన్నది, కోడలి కడుపులో ఉన్న రోజుల్లో ఒకనాడు, ఆయన భార్యకి, అంటే అత్తయ్యకి, కళ్ళజోడు మార్పించాలని ఇద్దరూ కలిసి బయటికి వెళ్ళారు. తిరిగి వచ్చాక అత్తయ్య పడుకున్నారు. ఆయన వంటింట్లో ఉన్న సీసాలన్నీ ఒక్కొక్కటిగా మోసుకెళ్ళి పక్కింటి దర్జీ పిన్నికి ఇచ్చేశారు. ఎందుకన్నయ్యగారూ అని ఆవిడ నోరు వెళ్ళబెడితే, నాకు జ్ఞానోదయమైంది అన్నారట. అత్తయ్యకి ఆ రోజు కొత్త కళ్ళజోడు మాత్రం రాలేదు. ఆ గోలలో అది ఎవరికీ పట్టలేదు.

మొదట్లో ఆయన వండినవి తినడం ఒక సాహసం. కాలీఫ్లవర్ తడిసిన దూదిలా ఉండేది. బీన్సు నోట్లో కిచకిచమనేవి. అత్తయ్య ఒక ముక్క నమిలి, ఇది కూరా, ఉతికి పిండని గుడ్డా అని అడిగారు. వేరే ఎవరైనా అయితే ఆ మాటతో గరిటె వదిలేసేవారు. ఆయన మాత్రం ఆలోచించి, పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తెచ్చుకున్నారు.

మిల్లులో యంత్రం లోపలి బాధ తెలుసుకోవాలంటే స్క్రూడ్రైవరు మొన దాని ఒంటికి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని వినేవారట. ఇప్పుడు పొయ్యి మీది మూకుడు మూతకి అదే వైద్యం. ఒక చెవి మూసుకుని, రెండో చెవిలో పిడి పెట్టుకుని, కళ్ళు అరమోడ్చి ఆయన కూర వినేవారు. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు గుడగుడలాడతాయి. సగమయ్యాక చిటపటలాడతాయి. అడుగంటబోయే ముందు ఒక్క క్షణం అంతా సద్దుమణుగుతుంది. ఆ క్షణంలో చెంచాడు నీళ్ళు చిలకరించాలి, అంతకు మించి పోయకూడదు. చిలకరించిన ప్రతిసారీ అడుగున పట్టిన ఎర్రటి పొర కరిగి ఉల్లిపాయకి పడుతుంది. అలా నాలుగుసార్లు చేస్తే, చుక్క నూనె తగలకుండా ఉల్లిపాయ బెల్లం రంగుకి తిరిగేది.

బెండకాయతో ఆయన చాలా రోజులు కుస్తీ పట్టారు. మూత పెడితే జిగురు, తీస్తే మాడు. చివరికి ముక్కలు ముందురోజే తరిగి గాలికి ఆరబెట్టి, బరువైన ఇనప మూకుడులో మూత లేకుండా, సన్నటి మంట మీద, కదిపీ కదపనట్టు కదుపుతూ దారికి తెచ్చారు. వంకాయని మంట మీద నేరుగా కాల్చి, తొక్క ఒలిచి, వెల్లుల్లీ మిరియాలూ నూరి కలిపేవారు. నిమ్మరసం మాత్రం దించాకే. మంట మీద పిండితే నిమ్మకాయ అలుగుతుంది అనేవారు. ఏడాది తిరిగేసరికి ఆ ఇంటి కూరలు బాగున్నాయని ఒప్పుకోక తప్పని స్థితి వచ్చింది. ఒప్పుకోకుండా తినడం అలవాటు చేసుకున్నారు అందరూ.

ఒక్క బాల్కనీ తలుపు మాత్రం ఎన్నడూ బాగుపడలేదు. పక్కింటి దర్జీ పిన్ని మూకుడు సుయ్యిమన్న ప్రతిసారీ ఆ తలుపుకి ఏదో రోగం వచ్చేది. బందు బిగుసుకుందోయ్ అంటూ ఆయన డబ్బా తీసుకుని బాల్కనీలోకి వెళ్ళేవారు. వంకాయ వేగినంతసేపూ అక్కడే ఉండేవారు. ఒక టిక్కు వినిపించేది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. అంత సేవ అందుకున్న తలుపు మరొకటి ఆ వీధిలోనే లేదు.

ఇదంతా నవ్వుకుని ఊరుకోదగ్గ సంగతే. చిన్నదానికి పాలు మాన్పించి కూర ముద్దలు పెట్టడం మొదలుపెట్టేవరకూ కోడలు కూడా నవ్వుకునే ఊరుకుంది.

చిన్నది బరువు పెరగడం ఆగిపోయింది. పిల్లల డాక్టరమ్మ గోడ మీది పటంలో గీత చూపించి, ఈ వయసు పిల్లలు ఈ దారిన పైకి వెళ్ళాలి, మీ పాప పక్కకి నడుస్తోంది అన్నారు. ఇంట్లో వంట సంగతి అడిగి తెలుసుకుని, రెండేళ్ళలోపు పిల్లలకి కొవ్వు పదార్థం తప్పనిసరి, మెదడు ఎదిగేదే దాంతో అని చెప్పారు. రెండు నెలల తర్వాత తీసుకురమ్మన్నారు. అప్పటికీ గీత లేవకపోతే రక్తం తీసి పరీక్షలు మొదలుపెట్టాలి, ఆస్పత్రిలో ఉంచాల్సి రావచ్చు అని కూడా అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి కోడలికి నిద్ర లేదు, అన్నం లేదు. చిన్నదాన్ని పొద్దునా సాయంత్రం తూచి, ఆ అంకెలన్నీ గీతలుగా గీసి డాక్టరమ్మకి పంపేది. నాలుగో బొమ్మకి డాక్టరమ్మ ఫోన్ చేసి, ముందు ఆ తూకం మిషన్ని అటక మీద పెట్టెయ్యమ్మా, నీ ఆరోగ్యానికి మంచిది కాదు అన్నారు. కోడలు పెట్టేసింది. మనసు మాత్రం అటక మీదే ఉండిపోయింది.

ఆమె భయపడే మనిషే కానీ వెనకడుగు వేసే మనిషి కాదు. డాక్టరమ్మ చెప్పిందంతా ఆ రాత్రి భోజనాల దగ్గర మామయ్య ముందు పెట్టింది.

"మామయ్యా, పెద్దవాళ్ళకి మీరు ఏం పెట్టినా తింటాం. దానికి మాత్రం నూనె కావాలి. ఒక్క చిన్న సీసా తెస్తాను."

ఆయన ఒక్కసారి అత్తయ్య వైపు చూశారు. తర్వాత కంచంలోకి చూసుకున్నారు.

"సీసా వద్దమ్మాయ్."

"ఎందుకు వద్దు?"

"వంటింట్లో సీసా ఉంటే చెయ్యి ఊరుకోదు. చూద్దాంలే," అన్నారాయన, క్యారెట్ ముక్కని అటూ ఇటూ దొర్లిస్తూ.

చూద్దాంలే అనే మాటకి ఆ ఇంట్లో కుదరదు అని అర్థం. కోడలు కంచం ముందు నుంచి లేచిన క్షణంలోనే నిశ్చయించుకుంది, ఈ ఇంట్లో తన బిడ్డ కొవ్వు తింటుందని. మర్నాడు ప్రయోగశాల నుంచి వస్తూ మెత్తగా నూరిన వేరుశెనగ ముద్ద సీసా ఒకటి కొని, సంచీలో తెల్ల కోటు కింద దాచింది. సాయంత్రం పూట తినిపించడం ఆమె వంతు. నిద్రపుచ్చుతున్నానని పడగ్గది తలుపు వేసుకుని, చిన్నదాని ముద్దలో రెండు చెంచాలు కలిపి మెదిపి పెట్టేది. పని కాగానే గిన్నె తనే కడిగేది, రెండుసార్లు, సబ్బుతో. ఒకరోజు మామయ్య ఎదురుపడి ఆ గిన్నె వైపు చూసినప్పుడు ఆమె దాన్ని వీపు వెనక్కి తీసుకుంది. కానీ ఆయన కాగితం తియ్యలేదు. ఆలోచిస్తే, అందరి కంచాలూ అద్ది చూసే మనిషి చిన్నదాని గిన్నెని ఒక్కసారీ అద్దలేదు. తన అదృష్టం అనుకుంది కోడలు.

రెండు నెలలూ ఆమె గాజుగిన్నె మోస్తున్నట్టు గడిపింది. చిన్నదాని బుగ్గలు నిండుతున్నట్టు అనిపిస్తే, ఇది నా ఆశేమో అనుకునేది. గౌన్లు బిగుతైతే, ఉతకడంలో ముడుచుకుపోయాయేమో అనుకునేది. ఎత్తుకుంటే చెయ్యి లాగుతుంటే, తనే నీరసపడిపోతున్నానని భయపడి ఇంకో అరటిపండు తినేది. చదువు నేర్పిన జాగ్రత్త అది. తూచకుండా ఏదీ నమ్మకూడదు.

డాక్టరమ్మ రమ్మన్న రోజు వచ్చింది. కోడలు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. మధ్యాహ్నం చిన్నదానికి తినిపించడం ఎప్పుడూ తాతగారి పని. తినగానే బయల్దేరాలని కోడలు పడగ్గదిలో గౌన్లు సర్దుతోంది. అంతలో భోజనాల బల్ల దగ్గర్నుంచి ఒక చప్పుడు వినిపించింది.

టిక్.

తలుపులేవీ లేని చోట ఆ చప్పుడేమిటా అనుకుంది.

టిక్. టిక్.

ఆమె గుమ్మంలోకి వచ్చి చూసింది. మామయ్య వంగి నిలబడి ఉన్నారు. చేతిలో పొడుగు ముక్కు డబ్బా. ఆ ముక్కు చివర చిన్నదాని గిన్నెలో ఉంది. మెదిపిన గుమ్మడికాయ ముద్ద మీద పసుపుపచ్చటి చుక్క ఒకటి మెరుస్తోంది. చిన్నది నోరు బార్లా తెరుచుకుని, తల ఊపుతూ, "ఇంకా" అంటోంది.

కోడలి పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు బందులకి వేసే నూనె. సైకిలు గొలుసులకి వేసే నూనె. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో ఆమె చదువుకుంది, ఆ పుట కూడా గుర్తొచ్చింది. ఒక్క అంగలో వచ్చి చిన్నదాన్ని చంకన వేసుకుంది. ఇంకో చేత్తో గిన్నె అందుకుంది, పరీక్షకి నమూనా ఉండాలి కాబట్టి.

"ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నారు మామయ్యా ఇది?"

"అమ్మాయ్, నా మాట విను," అన్నారాయన. వంటింట్లోంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆవిణ్ణి చూడగానే ఆయన చెప్పబోయింది మింగేసి, "ఏం కాదు, ఏం కాదులే," అన్నారు.

ఆ ఏం కాదుతో కోడలికి ఉన్న కాస్త నిబ్బరమూ పోయింది. మెట్లు ఎలా దిగిందో తెలియదు. డాక్టరమ్మ క్లినిక్ రెండు వీధుల అవతలే. ముందు చంకలో బిడ్డా, చేతిలో గుమ్మడికాయ గిన్నెతో కోడలు. వెనక నూనె డబ్బా పట్టుకుని, ఒక కాలికి తన చెప్పూ, ఒక కాలికి కొడుకు చెప్పూ వేసుకుని మామయ్య. ఆయన వెనక చేతిసంచీ గుండెకి హత్తుకుని అత్తయ్య. ముగ్గురూ పరుగు. మంగలి దుకాణంలో గడ్డం సగం గీయించుకున్న మనిషి కూడా బయటికి వచ్చి చూశాడు. చిన్నది మాత్రం అమ్మ భుజం మీదుగా డబ్బా వైపు చేతులు చాపుతూ, దారి పొడుగునా ఇంకా, ఇంకా అని కేకలు పెట్టింది.

క్లినిక్‌లో కూర్చున్న తల్లులందరూ దారి ఇచ్చారు. డాక్టరమ్మ చిన్నదాని నోరు చూశారు, గుండె విన్నారు, పొట్ట నొక్కి చూశారు. కోడలు ఒగరుస్తూ ముక్కలు ముక్కలుగా సంగతి చెప్పింది. యంత్రాల నూనె. అన్నంలో. ఎన్నాళ్ళ నుంచో తెలియదు.

డాక్టరమ్మ మామయ్య వైపు తిరిగారు. "పెద్దాయనా, ఆ డబ్బాలో ఏముంది?"

ఆయన అత్తయ్య వైపు చూశారు. కోడలి వైపు చూశారు. కోడలి చేతిలోని గిన్నెలో చెంచా టకటకలాడుతోంది. ఆ చప్పుడు ఆయన కాసేపు విన్నారు. ఇక లాభం లేదనుకున్నారేమో, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, డబ్బా ముక్కు పైకెత్తి పట్టుకున్నారు.

టిక్. టిక్. టిక్.

నాలుక మీద పడ్డ నూనెని ఆయన కళ్ళు మూసుకుని చప్పరించారు. నిరూపించడానికి ఒక్క చుక్క చాలు. ఆయన మూడు వేసుకున్నారు. కళ్ళు కూడా అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే మూసుకున్నారు.

"వంట నూనె," అన్నారు చివరికి. "గానుగలో ఆడించింది. డబ్బా కొత్తది, దీనికోసమే కొన్నాను. దీంట్లో ఇంకేదీ పొయ్యలేదు."

డాక్టరమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తల ఊపారు. కోడలు కుర్చీలో కూలబడింది. అత్తయ్య మాత్రం ఆయన్నే చూస్తున్నారు.

"మరి నేను అడిగితే సీసా వద్దన్నారు కదా మామయ్యా?"

"సీసా వద్దన్నాను. నూనె వద్దనలేదు," అన్నారాయన నేల చూస్తూ. "మిల్లుకి కొత్త యంత్రం వస్తే మొదటి రోజుల్లో నూనె బాగా పట్టించాలమ్మాయ్. లోపల అన్నీ అప్పుడే ఒకదానికొకటి అలవాటు పడుతుంటాయి. అప్పుడు తక్కువైతే జన్మంతా అరుస్తుంది. పాత యంత్రాల లెక్క వేరు. నువ్వు చెప్పక ముందే నాకు ఆ సంగతి తట్టి ఉండాల్సింది. నువ్వు చెప్పిన మర్నాడే మొదలుపెట్టాను."

"మరి చాటుగా ఎందుకు?"

ఆయన డబ్బా మీద లేని మరకని బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డారు.

ఈలోగా డాక్టరమ్మ చిన్నదాన్ని తూకం మీద కూర్చోబెట్టి, అంకె చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. గోడ దగ్గరకి వెళ్ళి పటంలో చుక్క పెట్టారు. గీత పక్కకి నడవడం మానేసి, మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కినట్టు పైకి పోయింది. ఎక్కాల్సిన చోటు కూడా దాటిపోయింది.

"రోజుకి నాలుగు చుక్కలకి ఇంత రాదే," అన్నారు డాక్టరమ్మ. "ఇంకా ఏం పెడుతున్నారు దీనికి?"

కోడలి చెవులు ఎర్రబడ్డాయి. తెల్ల కోటు కింద సీసా సంగతి మెల్లిగా బయటపెట్టింది. సాయంత్రాలు, తలుపు వేసుకుని, రెండేసి చెంచాలు. మామయ్య నోరు తెరుచుకుని విన్నారు. వేరుశెనగా అని ఒక్క మాట మాత్రం గౌరవంగా పలికారు.

డాక్టరమ్మ లెక్క వేసుకుంటూ, అయినా ఇంకా తేడా ఉంది అన్నారు. అప్పుడు అత్తయ్య గొంతు సవరించుకుని చేతిసంచీలోంచి బిగుతు మూత ఉన్న ఒక చిన్న స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. అందులో పాల మీద తీసిన మీగడ ఉంది. రోజూ పొద్దున్నే తనే తినిపిస్తున్నానని, ఇవాళ ఈ గొడవలో ఆలస్యమవుతుందేమోనని వెంట తెచ్చానని చెప్పారు.

"మీరు కాగితం పరీక్ష చేస్తారని దాన్ని సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాను," అన్నారు ఆవిడ భర్తతో.

"నేను దాని గిన్నె అద్దితే నా నూనే కదా బయటపడేది," అన్నారాయన దీనంగా.

డాక్టరమ్మ బల్ల మీద తల ఆనించి నవ్వారు. బయట వరసలో ఉన్న తల్లులు తొంగి చూసేంత నవ్వారు. నవ్వయ్యాక తీర్పు చెప్పారు. పరీక్షలు అక్కర్లేదు, ఆస్పత్రి అక్కర్లేదు. ఇకమీదట ముగ్గురిలో ఒక్కరే కలపాలి, అది మిగతా ఇద్దరికీ తెలిసి జరగాలి. ఎవరు కలపాలన్న దాని మీద అక్కడే వాదన మొదలైంది. చివరికి కోడలే తేల్చింది. డబ్బా ఒక్క టిక్కుకి పడే నూనె ఎప్పుడూ ఒకే కొలత. చెంచాలో వేరుశెనగా, వేలితో మీగడా ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండవు. కొలత ఉన్నవారికే ఉద్యోగం. మామయ్య ఆ నియామకాన్ని మిల్లులో పై మేస్త్రీ అయినంత హుందాగా అందుకున్నారు.

తిరుగు దారిలో ఆయన చిన్నదాన్ని భుజాన వేసుకుని, రెండు రకాల చెప్పులతో ముందు నడిచారు. అత్తాకోడళ్ళు కాస్త వెనక పడ్డారు. కోడలు గిన్నె చేతులు మార్చుకుంటూ అంది, చాటుగా ఎందుకు వేశారో మామయ్య చెప్పనేలేదు అత్తయ్యా అని.

"నా ముందు ఎలా చెప్తారు?" అన్నారు అత్తయ్య. "ఆ రోజు మేము వెళ్ళింది కళ్ళజోడు కోసం కాదే. గుండె చూపించుకోవడానికి. అక్కడి డాక్టరు నూనె మానెయ్యమన్నారు నన్ను. నేను దారిలోనే తెగేసి చెప్పాను, నాకు వేరే గిన్నె, వేరే కంచం పెట్టి నన్ను రోగిష్టిదాన్ని చేస్తే ఊరుకోను, ఎవరికైనా చెప్తే అసలు తినను అని. ఆయన సరే అన్నారు. ఇంటికొచ్చి పిచ్చి తనకి పట్టినట్టు చేశారు."

కోడలు నడక ఆపేసింది. వంటింట్లో సీసా ఉంటే చెయ్యి ఊరుకోదు అన్న మాట ఇప్పుడు ఆమెకి అర్థమైంది. ఎవరి చేతి గురించి అన్నారో కూడా అర్థమైంది.

"ఆవిరి తాత అని పిల్లలు ఏడిపించినా పడ్డారు. నీ కాగితం చింపారు. కన్నకొడుకు మూతి అద్దారు. ఒక్కసారి నీకోసమే అని అన్నారా? అనలేదు. నేనూ అడగలేదు," అన్నారు అత్తయ్య. తర్వాత, బాగా ఆలోచించి, "ఆ కాలీఫ్లవర్ రోజుల్లో మాత్రం అడిగెయ్యాలనిపించింది," అన్నారు.

ఇల్లు చేరేసరికి పక్కింటి దర్జీ పిన్ని పొయ్యి వెలిగించినట్టుంది. మూకుడు సుయ్యిమంది. వంకాయ వాసన గోడ దాటి వచ్చి గది మధ్యలో నిలబడింది. మామయ్య చిన్నదాన్ని కింద దించి, అలవాటుగా బాల్కనీ వైపు తిరిగి, ఇవాళ జరిగినదంతా గుర్తొచ్చిందేమో, ఆగిపోయారు. చేతిలో ఉన్నది వంట నూనె డబ్బా. అది తలుపుకి పనికిరాదు. ఆయన కుర్చీలో కూర్చుని ఆవులించినట్టు నటించారు.

కోడలు బాల్కనీ తలుపు వైపు చూసింది. చుట్టుపక్కల ఏ తలుపూ తాగనంత నూనె తాగిన తలుపు. గాలికి అటూ ఇటూ ఊగినా చప్పుడు చెయ్యడం ఎప్పుడో మరిచిపోయింది. ఆమె పెట్టెలోంచి పాత డబ్బా తీసి, గుడ్డతో తుడిచి, ఏదో అనబోయింది. అంతలోనే అత్తయ్య వంటింట్లోంచి, తల కూడా బయట పెట్టకుండా పిలిచారు.

"ఏమండీ, ఆ తలుపు మళ్ళీ కిర్రుమంటోంది. నిదానంగా చూసి రండి."

మామయ్య చెవి రిక్కించి విన్నారు. ఎంత విన్నా ఏమీ వినిపించి ఉండదు, ఆ చెవులకి. అయినా, "అవునోయ్, బాగానే అరుస్తోంది," అంటూ లేచి, కోడలి చేతిలోని డబ్బా అందుకుని, బాల్కనీలోకి వెళ్ళారు.